ఖాళీ లారీ బరువు

వసంత పంచమి ఇంకా వారం ఉందనగా, ఒక పొద్దున మధుసూదన్‌రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. తల్లిని లారీ ఎక్కించాలి, గడీ వాకిట్లో ఒక చుట్టు తిప్పాలి, దించాలి. బాసర దాకా ఆమె ఆ బండిలో పోగలదో లేదో తేలిపోతుంది. చాయ్ చల్లారేలోపు అయిపోవాల్సిన పని.

ఆ లారీని ఊరంతా మిల్ట్రీ అనేవారు. పెద్ద యుద్ధం ముగిశాక ఫౌజువాళ్లు సికింద్రాబాదులో వేలం వేస్తే కొనుక్కొచ్చిన బండి అది. వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలు కూడా గుంజుతాయి. ఎడ్లబండ్లు ఇరుసుల దాకా దిగబడే వాగులను గుర్రుమంటూ దాటిపోయి జమ్మికుంట మార్కెట్టుకు పత్తి చేరవేస్తుంది. పోలీసు చర్య తర్వాత జాగీరు పోయింది, పంపకాల్లో గడీ మధ్య గోడ లేచింది. వంగి దండం పెట్టేవాళ్లు నిలబడి పలకరించడం మొదలుపెట్టారు. మధుసూదన్‌రావుకు మిగిలిన దొరతనమంతా ఆ లారీ ఎత్తులోనే ఉంది. దాని పక్కన నిలబడితే అతని తల కిటికీ అంచుకు కూడా అందేది కాదు. అందుకు అతను బాధపడేవాడు కాదు, పైగా సంతోషించేవాడు.

తల్లి లీలాబాయి బాసర పోతాననడం మామూలు మొక్కు కాదు. భర్త పోయిన ఏడు పంపకాలప్పుడు మరిది రామకిషన్‌రావు ఒక కాగితం తెచ్చి, "వదినె, జర గీడ వేలు పెట్టు" అన్నాడు. ఆమె పెట్టింది. వాగు కింది పొలమంతా ఆ వేలి కిందనే పోయింది. పొలం పోయినందుకు ఆమె ఏడవలేదు. వేలికి అంటిన సిరాను చింతపండు పెట్టి రుద్దుతూ, ఎంతకీ పోకపోతే అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్ల తర్వాత మొన్న కొడుకును లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"నా పేరు నేను రాసుకోవాలె మధూ. పంచమి నాడు బాసర తల్లి ముంగట ఓనమాలు దిద్దుకుంట. ఎందుకు పోతున్నమో ఎవ్వలికి చెప్పకు. గీ వయసుల పలక పట్టిందని నవ్వుతరు."

తల్లి నోరు తెరిచి తనను ఒకటి అడగడం అదే మొదలు. మధుసూదన్‌రావు సరేనని తల ఊపాడు.

అందుకే ఈ పొద్దుటి పరీక్ష. లీలాబాయి కొంగు భుజం చుట్టూ కప్పుకుని వాకిట్లోకి వచ్చింది. లారీ తలుపు తెరిస్తే దాని గడప ఆమె రొమ్ము దాకా ఉంది. ఆమె తలెత్తి చూసింది. అందరూ చూశారు. డ్రైవర్ రాజం మాత్రం చూస్తూ నిలబడలేదు. గబగబా వచ్చి తలుపు కింద రెండు చేతులూ నేలకు ఆనించి వంగాడు.

"ఎక్కుండ్రి దొరసాని. నా వీపు మీద కాలు పెట్టుండ్రి, ఏం కాదు."

లీలాబాయి ఒక అడుగు వెనక్కి వేసింది. కొత్త కోడలుగా ఈ గడీకి వచ్చిన నాటి నుంచి ఆమె ఎడ్ల కచ్చురం బండి ఎక్కినప్పుడల్లా ఒక మనిషి ఇలాగే వంగేవాడు. వెట్టి గంగయ్య. ఎండలోనైనా, వానలోనైనా అదే వీపు. ఆ గంగయ్య కొడుకే రాజం.

"లే రాజం" అంది ఆమె. "మనిషి మీద కాలు పెట్టి ఎక్కుడు నాతోటి కాదు. గట్లయితె నేను రాను."

అని లోపలికి వెళ్లిపోయింది. చాయ్ చల్లారిపోయింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెద్దామె ఒక మాట అన్నాక ఎదురుగా నిలబడి మళ్లీ అడగరు. బయట కూర్చుని, ఆమె ఏమి అని ఉంటుందో మగవాళ్లు నిర్ణయిస్తారు. ఆ పద్ధతి ప్రకారమే మధుసూదన్‌రావు, రాజం అరుగు మీద చేరి, దొరసాని ఇక దేని మీదా కాలు పెట్టి ఎక్కదని తేల్చారు. మెట్టు పనికిరాదు, నిచ్చెన అసలే పనికిరాదు. తలుపు వెనక నుంచి మధుసూదన్‌రావు భార్య ప్రమోదిని మెల్లగా అంది, "అత్తమ్మను ఒక్కపారి అడుగరాదుండ్రి?"

"అవ్వను ఏమడుగుతం? చెప్పింది గద" అన్నాడు మధుసూదన్‌రావు గంభీరంగా. "ఆమె బండి కాడికి ఎక్కదు. అయితె బండే ఆమె కాడికి దిగాలె."

"దించుడా?" రాజం మొహం వాడిపోయింది. "చక్రాల మీద బండిని మోసే కమాన్ల పట్టీలు తీస్తె దిగుతది దొరా, దిగదని కాదు. గని మిల్ట్రీ అంటె గా ఎత్తే. నేను మీద కూసుంటె పోలీస్ పటేల్ గూడ తలెత్తి మాట్లాడుతడు. రేపటి సంది నేనే తల దించుకోవాలె."

"వాగుల బండి కడుపు తగులుతదా?"

"తగిలినా తగలకున్నా, నా మనసుకు తగులుతది."

ఇద్దరూ మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. దించితే పత్తి సంగతి ఏమిటి, దించకపోతే పంచమి సంగతి ఏమిటి, ముందు మాత్రమే దించి వెనక ఉంచితే ఎట్లా, అలా చేస్తే లారీ ఎప్పుడూ దండం పెడుతున్నట్టు ఉండదా? చివరకు మధుసూదన్‌రావు, "పత్తి వచ్చే యేడు గూడ పండుతది. అవ్వ అడుగుడు మళ్ల మళ్ల ఉండదు" అన్నాడు. రాజం లేచి లారీ దగ్గరికి నడిచాడు.

కరీంనగర్‌లో మిస్త్రీ లింగమూర్తి సంగతి విని పానా కింద పెట్టేశాడు. "బరువు మొయ్యనీకి పట్టీలు ఎక్కియ్యమని వస్తరు దొరా. తియ్యమన్నోళ్లను నేను ఇంతవరకు సూడలే. ఎందుకు?"

"ఊకె" అన్నాడు మధుసూదన్‌రావు. తల్లికి మాట ఇచ్చాడు కదా.

లింగమూర్తి మరి అడగలేదు. నాలుగు కమాన్లలోనూ సగం పట్టీలు ఊడదీసి గోనెసంచిలో కట్టి మూల పడేశాడు. లారీ ఒక నిట్టూర్పు విడిచినట్టు కిందికి కూలబడింది. మిగిలిన పట్టీలు వంపు పోయి చదునుగా సాగిపోయి, చక్రాలు దాదాపు పైన సరుకు డబ్బాకు తగులుతున్నాయి. ఖాళీ లారీ, కానీ దూరం నుంచి చూస్తే నిండా ఇనుము నింపుకుని పోతున్నట్టుంది. దారి పొడుగునా రాజం ఎవరి కళ్లలోకీ చూడలేదు.

మర్నాడు లీలాబాయి గడప దాటి వచ్చి, తలుపు పట్టుకుని, ఒక్క ఊపున ఎక్కి కూర్చుంది. "మంచిగున్నది" అంది. మధుసూదన్‌రావుకు కళ్లు చెమర్చాయి.

అదే సమయానికి గోడ అవతలి గడీలో రామకిషన్‌రావు పళ్లు తోముకుంటున్నాడు. అతను లోకంలో దేన్నీ ఊరకనే చూసే మనిషి కాదు. లారీని చూశాడు. డబ్బా ఖాళీ. కమాన్లు మాత్రం నేలకు ఆనుతున్నట్టున్నాయి. వేపపుల్ల నోట్లోనే ఉండిపోయింది. పాత దొరలు గడీ గోడల్లో బంగారు కడ్డీలు పెట్టి మూసేశారని చిన్నప్పటి నుంచీ విన్న మాట అతని మనసులో ఠక్కున లేచి కూర్చుంది. పంపకాల్లో తన వైపు గోడలన్నీ తవ్వించి చూసుకున్నాడు, ఏమీ దొరకలేదు. అంటే ఉన్నదంతా వదిన వైపే ఉందన్న మాట. డబ్బా అడుగున దొంగ అర చేయించారన్న మాట.

గోడ మీద నుంచి రాజాన్ని పిలిచాడు. "ఏం రాజం, బండి గట్ల కుంగిందేంది?"

"నాకు తెల్వదు దొరా" అన్నాడు రాజం. ఎవరికీ చెప్పవద్దని దొర ఆజ్ఞ. ఆ ఆజ్ఞను అతను ఎంత గంభీరంగా పాటించాడంటే, అబద్ధం చెప్తున్నాడని అవతలి వీధి దాకా తెలిసిపోయింది.

పంచమికి ముందురోజు తెల్లవారి మిల్ట్రీ బయలుదేరింది. ముందు మధుసూదన్‌రావు, లీలాబాయి, ఆమె ఒడిలో ఎర్రగుడ్డ మూట. కొంచెం వెనకనే రామకిషన్‌రావు పాత కారు, అందులో అతని జీతగాళ్లు ఇద్దరు, రెండు గునపాలు. కారు దగ్గరికి రాదు, దూరం పోదు. మధుసూదన్‌రావు అద్దంలో చూసి, "చిన్నబాపు గూడ బాసరకే వస్తున్నట్టున్నడు. పెద్దతనంల భక్తి పెరిగింది" అన్నాడు. లీలాబాయి మూటను ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

గోదావరి వంతెన దగ్గర నాకా ఉంది. ఆ ఏడు వడ్లు జిల్లా దాటకూడదని పెట్టిన నాకా. జమేదార్ అంతయ్యకు సంచులు విప్పి చూసే అలవాటు లేదు. కమాన్లు చూస్తాడు. కమాన్ ఎంత కుంగితే అన్ని బస్తాలు. ఆ లెక్కలో ఇంతవరకు అతను తప్పలేదు. మిల్ట్రీని చూడగానే కట్టె అడ్డం పెట్టాడు. డబ్బాలోకి తొంగి చూశాడు. ఒక చాప, ఒక నీళ్ల బిందె. మళ్లీ కిందికి వంగి కమాన్లు చూశాడు. మళ్లీ లేచి డబ్బా చూశాడు. పాతికేళ్ల నౌకరీలో మొదటిసారి అతనికి తల తిరిగింది.

"ఏమున్నది రావు సాబ్ బండిల?"

"ఏం లేదు. పట్టీలు తీయించినం, గందుకే కుంగింది."

"పట్టీలు ఎక్కిచ్చుకుంటరు గని తీయించుకుంటరా ఎవలన్న? ఎందుకు తీయించిన్రు?"

మధుసూదన్‌రావు తల్లి వైపు చూశాడు. లీలాబాయి ముందుకే చూస్తోంది. "ఊకె" అన్నాడు అతను.

ఊకె అన్న మాట పోలీసుల ముందు ఎవరికీ మేలు చేసినట్టు లేదు. అంతయ్య డబ్బా అంతా కర్రతో కొట్టి చూశాడు, కిందికి దూరి చూశాడు, బిందెలో చెయ్యి పెట్టి చూశాడు. అంతలో వెనక కారులోంచి రామకిషన్‌రావు దిగి వచ్చి అతన్ని పక్కకు తీసుకుపోయాడు. "బంగారం. అండ్ల నా సగం వాటా ఉన్నది. జర జాగ్రత్తగ సూసుకో" అని చెవిలో చెప్పాడు. అంతయ్య కళ్లు మూట మీద పడ్డాయి.

"గా మూట ఇప్పు దొరసాని."

"ఇప్ప" అంది లీలాబాయి.

"ఇప్పాలె. సర్కారు హుకుం."

"బాసర తల్లి ముంగట ఇప్పుత. గా ముందు నా పానం పోయినా ఇప్ప."

ఆడమనిషి ఒళ్లోని మూట లాక్కునే ధైర్యం అంతయ్యకు లేదు, వదిలేసే ధైర్యం అంతకన్నా లేదు. కాసేపు తల గోక్కుని, లారీ వెనక ఎక్కి చాప మీద కూర్చున్నాడు. "నడువుండ్రి. నేను గూడ బాసర వస్త. గుడి చేరేదాంక మూట బండి దిగొద్దు. మీరు దిగితె మూట బండిల పెట్టి దిగాలె."

ఆ రాత్రి భైంసాలో ఆగారు. లీలాబాయి బండిలోనే మూట తల కింద పెట్టుకుని పడుకుంది. అంతయ్య బండి పక్కన, రామకిషన్‌రావు అంతయ్య పక్కన పడుకున్నారు. ఇంతమంది తనను కాపలా కాయడం మధుసూదన్‌రావుకు జాగీరు రోజుల్లో కూడా తెలియదు.

పంచమి పొద్దున బాసర ఇంకా కొద్ది దూరం ఉందనగా వాగు వచ్చింది. నీళ్లు మోకాలి లోతే. ఇసుక మాత్రం లోతైంది. ఎన్నోసార్లు ఇలాంటి వాగులను ఏనుగులా దాటిన మిల్ట్రీ సగం దాకా పోయింది. అక్కడ కడుపు ఇసుకకు ఆనింది. నాలుగు చక్రాలూ గిరగిరా తిరిగాయి, బండి మాత్రం కదలలేదు. రాజం ఇంజను ఆపి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. మాట్లాడితే దొరను అన్నట్టవుతుంది.

"ముహూర్తం దాటిపోతది" అన్నాడు మధుసూదన్‌రావు. "అవ్వా, దిగు, ఎడ్లబండిల పోదాం."

"మూట బండిల పెట్టి దిగుండ్రి" అన్నాడు వెనక నుంచి అంతయ్య.

"మూట లేకుంటె నాకు బాసర ఎందుకు?" అంది లీలాబాయి. అని మొదటిసారి కళ్లు తుడుచుకుంది. తెల్లవారి తలంటుకుని వచ్చింది ఆమె. వేలు కూడా మళ్లీ ఒకసారి శుభ్రంగా కడుక్కుని వచ్చింది. ఇంకో ఏడు ఉంటానో లేదో అనుకుంది.

ఒడ్డున కారులోంచి రామకిషన్‌రావు ఇది చూస్తున్నాడు. లారీ కొంచెం కొంచెంగా ఇసుకలోకి దిగుతోంది. తన సగం వాటా తన కళ్ల ముందే భూమిలో కలిసిపోతోంది. అతనిక ఆగలేకపోయాడు. ధోవతి ఎగగట్టి నీళ్లలోకి దూకాడు. "నూకుండ్రి! సూస్తరేంది, నూకుండ్రి!" అని జీతగాళ్ల మీద అరిచాడు. గునపాలతో చక్రాల ముందు ఇసుక తవ్వించాడు. తనే భుజం ఆనించి నెట్టాడు. అంతయ్య బెల్టు విప్పి పక్కన పెట్టి నెట్టాడు. యాత్రకు పోయేవాళ్లు ఒడ్డున ఆగి ఏమిటని అడిగితే జీతగాడొకడు నోరు జారాడు. బంగారం మాట విన్నాక భక్తులందరూ నీళ్లలోకి దిగారు. రెండు జతల ఎడ్లు వచ్చాయి, ఎవరిదో మోకు వచ్చింది. వదిన కోసం జన్మలో పుల్ల కదపని రామకిషన్‌రావు రెండుసార్లు బోర్లా పడి, రెండుసార్లూ లేచి, మళ్లీ నెట్టాడు.

మిల్ట్రీ ఒడ్డెక్కింది. ముహూర్తం ఇంకా ఉంది.

గుళ్లో చిన్నపిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని తల్లిదండ్రులు వరుసలో ఉన్నారు. లీలాబాయి వంతు వచ్చింది. ఆమె వెనక నీళ్లు కారుతున్న బట్టలతో కొడుకు, మరిది, జమేదారు, ఇంకా వాగులో దిగిన జనమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆమె మూట విప్పింది. ఒక పలక, ఒక బలపం, చారెడు బియ్యం, పసుపు.

"పిల్లడేడి అమ్మా?" అన్నాడు పూజారి.

"నేనే" అంది లీలాబాయి.

పూజారి చేయి పట్టుకుని దిద్దించాలి. పెద్దామె చేయి పట్టడానికి సందేహించాడు. "నువ్వు చూపియ్యి అయ్యా. నేను దిద్దుకుంట" అని ఆమే బలపం తీసుకుంది. ఓంకారం వంకర పోయింది. చెరిపి మళ్లీ రాసింది. మధుసూదన్‌రావు మొహం అటు తిప్పుకుని, ఎవరి కంటా పడకుండా ఏడ్చాడు. పక్కనున్న చిన్నపిల్ల మాత్రం పలకలోకి తొంగి చూసి, తన ఓంకారమే బాగుందని తేల్చుకుంది.

"పలక కోసమా నేను వాగుల మునిగింది?" అన్నాడు అంతయ్య. కానీ గొంతు తగ్గించే అన్నాడు. తర్వాత అతనూ దండం పెట్టుకున్నాడు.

రామకిషన్‌రావు పలక వైపు చూశాడు, వదిన వేలి వైపు చూశాడు. ఒక్క క్షణం అతని మొహంలో ఏదో మెదిలింది. కానీ మనిషి అంత సులభంగా మారడు. "నాటకం" అన్నాడు బట్టలు పిండుకుంటూ. "అసలుది ఏడనో దాచిన్రు."

ఇంటికి వచ్చాక మధుసూదన్‌రావు తల్లి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పట్టీలు మళ్ల ఎక్కిస్తనవ్వా. వాగులల్ల పనికిరాదు. గని మళ్ల యేడు నువ్వెట్ల ఎక్కుతవు?"

"పీట వేస్తె ఎక్కనా?"

అతను నోరు తెరిచాడు. "దేని మీద కాలు పెట్టనంటివి గద?"

"మనిషి మీద పెట్టనన్న. పీటకు నడుం ఉంటదా నొయ్యనీకి?"

"మరి గా పొద్దుగాల్నే చెప్తె అయిపోతుండె గదవ్వా!"

"ఎవలన్న అడిగిన్రా?"

తలుపు వెనక ప్రమోదిని నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది.

లింగమూర్తి పట్టీలన్నీ మళ్లీ బిగించాడు. ఊరు చూస్తుండగా మిల్ట్రీ వెనకటి ఎత్తుతో తిరిగి వచ్చింది. రాజం తల కూడా దానితో పాటే లేచింది. రామకిషన్‌రావు గోడ మీద నుంచి చూశాడు. కరీంనగర్ పోయేటప్పుడు కుంగిన బండి, వచ్చేటప్పుడు లేచింది. ఇంతకన్నా రుజువు ఏ కోర్టుకు కావాలి? నేరుగా జగిత్యాలకు పోయి వకీలును కలిశాడు.

ఎండాకాలం మొదట్లో కోర్టు జవాను రాజయ్య నోటీసు పట్టుకుని వచ్చాడు. లారీలో తరలించిన బంగారంలో తనకు సగం వాటా రావాలని వదిన మీద రామకిషన్‌రావు వేసిన దావా అది. రాజయ్య అలవాటు ప్రకారం సిరాడబ్బా మూత తీసి లీలాబాయి ముందు పెట్టాడు.

"మూత పెట్టు" అంది ఆమె. "కలం ఇయ్యి."

ఒక్కొక్క అక్షరం రాసి, ఆగి, చూసుకుని, తర్వాతది రాసింది. ప్రమోదిని తెచ్చిన చాయ్ చల్లారిపోయింది. ఎవరూ తొందర పెట్టలేదు. 'లీలాబాయి' అని పూర్తయ్యాక ఆమె కాగితాన్ని దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది. దావా ఏమిటో అడగలేదు.

రాజయ్య సంతకం చేసిన ప్రతి మడిచి జేబులో పెట్టుకుని, పోతూ పోతూ వాకిట్లో లారీ దగ్గర ఆగాడు. దాని కథ కోర్టులో అందరికీ తెలుసు.

"బండి మంచిగ లేచింది దొరా" అన్నాడు. "బరువంత పోయినట్టున్నది."

మధుసూదన్‌రావు ఈసారి కాదనలేదు.